సీసం దిగివచ్చిన దారిలో ఎదురు నడక: స్వేల్‌డేల్‌లో సర్రెండర్ బ్రిడ్జి నుంచి బ్లేక్‌త్వైట్ దాకా

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, యార్క్‌షైర్ డేల్స్ జాతీయ ఉద్యానంలో, స్వేల్ నది పారే లోయ స్వేల్‌డేల్. లోయ అడుగున పచ్చిక మళ్ళు, రాతి గోడలు, గొర్రెల కొట్టాలు. పైకెక్కితే మూర్ వస్తుంది. చెట్టన్నది లేకుండా హెదర్ పొదలూ గడ్డీ బురదా కలిసి మైళ్ళ కొద్దీ పరుచుకున్న ఎత్తయిన బీడును అక్కడివాళ్ళు మూర్ అంటారు. ఆ బీడు కిందంతా సీసపు గనులే. 1870లు, 80లలో స్పెయిన్ నుంచి చవక సీసం దిగుమతై ధర పడిపోయాక గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పనివాళ్ళు డరమ్ బొగ్గు గనులకు, లాంకషైర్ నూలు మిల్లులకు, కొందరు అమెరికాకు వెళ్ళిపోయారు. వాళ్ళు వదిలేసిన కొలిములూ కాలవలూ గుట్టలూ చాలావరకు అక్కడే ఉన్నాయి.

ఈ దారికి ఒక సౌకర్యం ఉంది. ఖనిజం కొండ మీద పుట్టి, వాగు వెంట కిందికి దిగి, కొలిమిలో కరిగి, బండెక్కి వెళ్ళింది. మనం దానికి ఎదురుగా నడుస్తాం. ముందు కొలిమి, ఆ తర్వాత ఖనిజం కడిగిన చోటు, తర్వాత సొరంగం నోరు, చివరికి కొండను చీల్చిన గండ్లు వస్తాయి. ఈ వరస మనసులో ఉంటే ఏ రాళ్ళ కుప్ప ఎందుకుందో ఎవరినీ అడగక్కర్లేదు.

దూరం, సమయం

సర్రెండర్ బ్రిడ్జి నుంచి ఓల్డ్ గ్యాంగ్ కొలిమి దాకా రెండు కిలోమీటర్ల లోపు. అక్కణ్ణుంచి మూర్ మీదుగా గన్నర్‌సైడ్ గిల్ లోయలోని బ్లేక్‌త్వైట్ కొలిమి దాకా మరో ఐదు. వెళ్ళిన దారినే తిరిగి రావాలి కాబట్టి మొత్తం 14 కి.మీ. వంతెన సుమారు 365 మీటర్ల ఎత్తులో, మూర్ నడినెత్తి 560 దగ్గర, బ్లేక్‌త్వైట్ 420 దగ్గర ఉంటాయి. తిరుగు ప్రయాణంలో బ్లేక్‌త్వైట్ నుంచి మళ్ళీ 140 మీటర్లు ఎక్కాలి. చాలామంది లెక్కలో వేసుకోనిది ఇదే. మధ్యలో లోయలోకి దిగి మళ్ళీ ఎక్కే నడకలో అలసట రెండో సగంలో మీద పడుతుంది.

కొండ నడకవాళ్ళు వాడే నైస్మిత్ లెక్క ప్రకారం 5 కి.మీ.కి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మొత్తం ఎక్కుడు 340 మీటర్లు వేసుకుంటే మూడు గంటల ఇరవై నిమిషాలొస్తుంది. అది ఆగకుండా నడిచేవాళ్ళ లెక్క. శిథిలాలు చూస్తూ, తింటూ, పిల్లలతో వెళ్తే ఐదున్నర గంటలు పెట్టుకోండి. డిసెంబరులో అక్కడ మూడూ నలభైకే పొద్దు కుంకుతుంది. చలికాలంలో ఉదయం తొమ్మిదిన్నరకల్లా బయలుదేరలేకపోతే ఓల్డ్ గ్యాంగ్ దాకా వెళ్ళి వెనక్కి రండి. పెద్దవాళ్ళూ చిన్నపిల్లలూ ఉన్నా అంతే. నాలుగు కిలోమీటర్ల చదునైన నడకలో చూడాల్సిన వాటిలో సగం పైన చూసేసినట్టే.

చేరడం ఎలా

కారులో అయితే రీత్ ఊరు దాటి ఫీథమ్ దగ్గర కుడికి తిరిగి, ఆర్కెన్‌గార్త్‌డేల్ వైపు పోయే ఇరుకు రోడ్డు పట్టాలి. రోడ్డు నిటారుగా లేస్తుంది, పైకెక్కాక పక్కన కంచె ఉండదు, గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. మూడో గేరుకు మించకుండా నడపండి. వంతెనకు అటూ ఇటూ గడ్డి మీద బండ్లు ఆపుకునే జాగా ఉంది. ఎదురు బండికి దారివ్వడానికి వెడల్పు చేసిన చోట మాత్రం ఆపకండి. బస్సులో వచ్చేవాళ్ళు డార్లింగ్టన్ స్టేషన్ నుంచి రిచ్‌మండ్, అక్కణ్ణుంచి రీత్ చేరాలి. లోయలో బస్సులు రోజుకు కొన్నే, ఆదివారం ఇంకా తక్కువ. తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే ఇంట్లోంచి కదలండి. మిడిల్స్‌బ్రోలో చదువుకునే మన పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళకిది కారులో గంట, గంటంబావు దూరం. వంతెన దగ్గర మరుగుదొడ్డి, కొట్టు, కుళాయి ఏవీ లేవు. ఆ పనులన్నీ రీత్‌లోనే ముగించుకోవాలి.

వెంట ఉండాల్సినవి

ఆర్డినెన్స్ సర్వే వాళ్ళ ఓ.ఎల్. 30 మ్యాప్, దిక్సూచి. ఫోన్‌లో మ్యాప్ ఉన్నా కాగితం మ్యాప్ ఉండాల్సిందే, ఎందుకంటే ఈ లోయలో సిగ్నల్ చాలాచోట్ల అందదు, చలికి బ్యాటరీ అనుకున్నదానికంటే ముందే చచ్చిపోతుంది. మ్యాప్‌లో ఓల్డ్ గ్యాంగ్ కొలిమి ఎన్.వై. 974 005 దగ్గర, బ్లేక్‌త్వైట్ కొలిమి ఎన్.వై. 937 018 దగ్గర ఉంటాయి. మొదటి మూడంకెలు తూర్పుకు, తర్వాతి మూడు ఉత్తరానికి కొలత. ఈ ఆరంకెలతో వంద మీటర్ల లోపు చోటు తేల్చుకోవచ్చు.

కాళ్ళకు చీలమండ దాకా వచ్చే, నీళ్ళు పట్టని బూట్లు. దారి పొడవునా గుండ్రాళ్ళూ గులకా ఉంటాయి, పరుగు బూట్ల మెత్తటి అడుగు గంటలో అరికాలికి తెలుస్తుంది. జీన్స్ వద్దు: తడిస్తే ఆరవు, ఆ గాలిలో తడి నూలు గుడ్డ ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. గొడుగు పెట్టెలోనే వదిలేయండి, మూర్ మీద గాలికి మొదటి పది నిమిషాల్లోనే తిరగబడుతుంది. టోపీ ఉన్న వాన కోటు, వాన ప్యాంటు, లోపల ఉన్ని లేదా పాలియెస్టర్ బనీను, ఒక అదనపు స్వెటర్ చాలు. ఎండాకాలమైనా టోపీ, చేతి తొడుగులు సంచిలో ఉండాలి.

మనిషికి ఒకటిన్నర లీటర్ల నీళ్ళు ఇంటి నుంచే మోసుకెళ్ళాలి. కారణం కింద చెబుతాం. తిండికి పులిహోర బ్రహ్మాండం: చల్లారినా రుచి పోదు, చింతపండు పులుపుకి పాడవదు. కాకపోతే చెంచాతోనే తినండి, దానికీ కారణం ఉంది. టార్చి, ఈల, చిన్న ప్రథమ చికిత్స పెట్టె, ఒంటికి కరుచుకుని రక్తం పీల్చే పిడుదులను (టిక్స్) లాగే సన్నమూతి పట్టకారు.

నేల గురించి

ఈ నడకలో ప్రాణం మీదికి తెచ్చేది వాన కంటే నేల.

గని బావులు కొన్నిటికి రాతి గోడా తీగ కంచే ఉంటాయి. వాటితో భయం లేదు, కనిపిస్తాయి. కనిపించనివే ప్రమాదం. గనులు మూసేటప్పుడు బావి నోటికి అడ్డంగా దూలాలు పరిచి, పైన మట్టీ గడ్డీ కప్పి వెళ్ళిపోయేవారు. నూట యాభై ఏళ్ళకు ఆ దూలం చివికింది, పైన గడ్డి మాత్రం పచ్చగానే ఉంది. నడుమ గుంటపడి చుట్టూ ఉంగరంలా రాళ్ళ దిబ్బ ఉంటే అది బావి నోరు అనుకోండి. గుంట అంచున నిలబడి లోపలికి తొంగిచూడకూడదు, అంచు లోపలికే జారుతుంది. కొండవాలున ఇలాంటి గుంటలు తిన్నగా ఒకే వరసలో కనిపిస్తే కింద రాతి చీలికలో నిండిన ఖనిజపు పట్టీ, అంటే ఈనె, ఆ గీత వెంటే పోతోందన్నమాట. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చూసి దాని పక్క నుంచే పోవాలి.

సొరంగాల్లోకి అడుగు కూడా పెట్టకండి. రాతి కమాను నోరు చూస్తే గట్టిగానే ఉందనిపిస్తుంది, నిజంగానే గట్టిది. లోపల అలా కాదు. పైన ఖనిజం తవ్వుకున్న ఖాళీల్లో పనికిరాని రాళ్ళను దూలాల మీద పేర్చి వదిలేశారు. మీ తల మీద పదుల టన్నుల రాయి పుచ్చిన కర్ర మీద ఆగి ఉంటుంది. కాలి కింద అడుగు లోతు నీళ్ళనుకున్నది నిలువు గొయ్యి కావచ్చు. గాలి ఆడని మూలల్లో ఆక్సిజన్ తక్కువై, మనిషికి తెలిసే లోపే కళ్ళు తిరుగుతాయి.

బురద సంగతి మొక్కలే చెబుతాయి. హెదర్ ఉన్నచోట నేల కాస్త ఆరి ఉంటుంది. దుబ్బులుగా పెరిగిన జమ్ములాంటి గడ్డి ఉంటే తడి. వేసవిలో తెల్ల దూది కుచ్చుల్లా ఊగే గడ్డి ఉంటే చిత్తడి. నిగనిగలాడే లేతాకుపచ్చ నాచు తివాచీలా పరుచుకుంటే అడుగు వేయొద్దు, మోకాలి దాకా దిగుతుంది.

ఇక సీసం. గుట్టల్లోని సన్న ఇసుకలో, వాగు బురదలో అది ఇప్పటికీ ఉంది. వాగు నీళ్ళు అద్దంలా ఉన్నా తాగకూడదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని సీసం పోదు. తినేముందు తెచ్చుకున్న నీళ్ళతో చేతులు కడుక్కోండి, చెంచా అన్నది అందుకే. పిల్లల్ని గుట్టల ఇసుకలో ఆడనివ్వకండి, అది సముద్రపు ఇసుక కాదు. కుక్క ఉంటే వాగులో తాగనివ్వకండి.

మొదటి అంచె: వంతెన నుంచి ఓల్డ్ గ్యాంగ్

వంతెన దగ్గర రోడ్డుకు తూర్పున కనిపించేది సర్రెండర్ కొలిమి శిథిలం. దాన్ని తిరుగు ప్రయాణానికి దాచుకుని, వాగుకు ఉత్తరపు గట్టున పడమటికి పోయే వెడల్పాటి బండి బాట పట్టండి. తప్పిపోయే అవకాశం లేదు, వాగు ఎప్పుడూ ఎడమచేతి పక్కనే ఉంటుంది. అరగంటలో సన్నటి పొగగొట్టం ఒకటి దూరం నుంచే కనిపిస్తుంది.

ఓల్డ్ గ్యాంగ్ దగ్గర తక్కువలో తక్కువ నలభై నిమిషాలు ఆగండి. ఇక్కడి పద్ధతి ఇది: ఖనిజాన్ని పీట్‌తోనూ కొంచెం బొగ్గుతోనూ కలిపి రాతి పొయ్యిలో వేస్తారు, నీటి చక్రం తిప్పే తిత్తులు గాలి ఊదుతాయి, కరిగిన సీసం ముందున్న గుంటలోకి కారుతుంది, దాన్ని గరిటెలతో తోడి అచ్చుల్లో పోస్తారు. పీట్ అంటే చిత్తడిలో నాచూ గడ్డీ వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళకుండా పేరుకున్న నల్లటి నేల. కోసి ఆరబెడితే పిడకల్లా మండుతుంది. సీసం 327 డిగ్రీలకే కరిగే లోహం, కాబట్టి వేడి కంటే పొగతోనే తంటా. కొలిమి పొగలో సీసం ఆవిరై పోతుంది, దానితో గంధకపు ఘాటు.

అందుకే ఇక్కడ పొగగొట్టాన్ని నిలువుగా కాక కొండ మీదికి పడుకోబెట్టారు. కొలిమి వెనక నుంచి రాతి కప్పున్న కాలవ ఒకటి వాలు వెంట పైకి పాకుతుంది. కప్పు కూలిన చోట వంగి చూడండి, లోపలికి దిగొద్దు: పక్క గోడలు, పైన కమానుగా పేర్చిన రాళ్ళు, మనిషి వంగి నడిచేంత ఎత్తు. పొగ అంతదూరం పోయేసరికి చల్లారి సీసం గోడలకు అంటుకునేది. దాన్ని గీకి, కడిగి మళ్ళీ కొలిమిలో వేసేవారు. గీకిన మనుషుల ఊపిరితిత్తుల సంగతి ఊహించుకోవచ్చు.

కొలిమి పైన వాలు మీద రెండు వరసల రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. కింది నుంచే చూసి వెనక్కి తిరిగేవాళ్ళు చాలామంది, పైకెక్కి చూడండి. అది పీట్ నిల్వ చేసిన కొట్టం, పొడవు సుమారు 119 మీటర్లు, వెడల్పు ఆరు మీటర్ల పైచిలుకు. స్తంభాల మధ్య గోడ కట్టలేదు, గాలి ఆడితేనే పీట్ ఆరుతుంది కనక. కప్పు హెదర్ కొమ్మలతో నేసినది. మన పొగాకు బ్యారన్ పక్కన ఆకు ఆరబెట్టే పందిరి చూసినవాళ్ళకు ఆ కట్టడం వెనకున్న ఆలోచన వెంటనే అందుతుంది.

రెండో అంచె: లెవెల్ హౌస్ బ్రిడ్జి, అక్కడి గజిబిజి

కొలిమి దాటి అదే బాటలో కిలోమీటరు పైచిలుకు నడవాలి. దారిలో హార్డ్ లెవెల్ అనే సొరంగం నోటి నుంచి నీళ్ళు ఇప్పటికీ పారుతూ కనిపిస్తాయి. సొరంగాన్ని కావాలనే కొంచెం ఏటవాలుగా తవ్వారు. గని నీళ్ళు వాటంతట అవే బయటికి రావాలి, ఖనిజం నింపిన డబ్బాలను పట్టాల మీద గుర్రం సులువుగా లాక్కురావాలి. బయటికొచ్చిన నీళ్ళే చక్రాలు తిప్పేవి, ఖనిజం కడిగేవి. దగ్గరలోనే గోడకు ఆనించి కట్టిన గదుల వరస ఉంటుంది. ఏ కూలి ముఠా తవ్వింది ఆ ముఠా గదిలో పోసేవారు, ఒకరి కూలి లెక్క ఇంకొకరి దాంట్లో కలిసిపోకుండా. పక్కన మొక్క మొలవని బూడిదరంగు గుట్టలు కడగ్గా మిగిలిన రాయి. వాటి మీద వేసవిలో చిన్న తెల్ల పూలు కనిపిస్తే అవి సీసాన్ని తట్టుకునే స్ప్రింగ్ శాండ్‌వర్ట్. ఇతర మొక్కలు బతకని చోటే దాని ఇల్లు.

గుట్టలో మెరుపు కనిపిస్తే గుర్తుపట్టడం తేలిక. వెండిలా మెరిసి, విరిగినచోట చిన్న చిన్న ఘనాలుగా మెట్లు కట్టి ఉంటే గలీనా, అదే సీసపు ఖనిజం. అరచేతిలో పెట్టుకుంటే వలకు కట్టే సీసపు గుండు గుర్తొస్తుంది, పరిమాణానికి మించిన బరువు. తెల్లగా ఉండి బరువనిపిస్తే బెరైటీస్. చూసి ఉన్నచోటే పెట్టేయాలి. ఈ శిథిలాలు చట్టరక్షణ ఉన్న పురాతన కట్టడాలు, 1979 నాటి చట్టం కింద అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడినా నేరమే.

లెవెల్ హౌస్ బ్రిడ్జి దగ్గర ఎడమకు తిరిగి వాగు దాటి, పడమటికి మూర్ మీదికెక్కండి. ఉత్తరానికి వాగు వెంటే పోయే బాట కూడా ఊరిస్తుంది, దానిలో పోతే దారి తప్పినట్టే.

మూడో అంచె: మెల్‌బెక్స్ మూర్

పైకెక్కాక పచ్చదనం అకస్మాత్తుగా ఆగిపోతుంది. ఎటు చూసినా గులక. ఫ్రయర్‌ఫోల్డ్ ఈనె వెంట వందల ఏళ్ళు తవ్విన రాయి ఇక్కడే పోశారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ గులకను అమ్మకానికి తీశారు, అప్పటి తుప్పుపట్టిన రాళ్ళ యంత్రం ఒకటి దారి పక్కన మిగిలింది. పొగమంచు కమ్మిన రోజు అది మంచి ఆనవాలు.

పొగమంచు గురించి గట్టిగా చెప్పాలి. గులక మీద కాలిబాట జాడ పడదు, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. యాభై మీటర్లు కూడా కనిపించకపోతే ఇక్కడి నుంచే వెనక్కి తిరగండి. వెనక్కి బాట వెడల్పు, వాగు కిందే ఉంది. ముందుకు పోతే నిటారు లోయ అంచు.

వాతావరణం బాగుంటే రెండు కిలోమీటర్ల నడక తర్వాత ఈ దారిలోని అసలు మలుపు వస్తుంది. వెడల్పు బండి బాట ఎడమకు వంగి దక్షిణాన గన్నర్‌సైడ్ ఊరి వైపు దిగుతుంది. మీకు కావాల్సింది కుడికి విడివడే సన్న కాలిబాట, చీలిక దగ్గర రాళ్ళ కుప్ప గుర్తు ఉంటుంది. మాటల్లో పడి వెడల్పు బాటలోనే పోయేవాళ్ళు ఎక్కువ. వంగినట్టనిపించగానే దిక్సూచి తీయండి. దక్షిణానికి పోతుంటే దాటేసినట్టే.

నాలుగో అంచె: గండ్లు, బ్లేక్‌త్వైట్

అంచు మీద నిలబడితే ఎదుటి కొండ నిలువునా చీలినట్టుంటుంది, మీరున్న వైపూ అంతే. ఇవే హష్‌లు. పైన మట్టిగట్టుతో చెరువు కట్టి నీళ్ళు నింపేవారు, ఒక్కసారి గండి కొడితే ఆ వరద పైమట్టినంతా కొట్టుకుపోయి కింది ఈనెను బయటపెట్టేది. నీళ్ళొక్కటే ఇంత చేశాయని అనుకోకూడదు, పారలూ గునపాలతో తవ్విన పని కూడా ఇందులో కలిసి ఉంది. కొండ చెరువుకు కావాలని గండి కొట్టడమన్న ఆలోచన మన రైతుకు చెబితే తిడతాడు.

గండిలోంచి కిందికి దిగడం దగ్గరదారిలా కనిపిస్తుంది. రాళ్ళన్నీ వదులు, పైవాడి కాలికింది రాయి కిందివాడి తలకు తగులుతుంది. మెలికలు తిరిగే బాటలోనే దిగండి.

అడుగున రెండు వాగులు కలిసేచోట బ్లేక్‌త్వైట్ కొలిమి, సుమారు 1820 నాటిది. ఒక ఒడ్డున కొలిమి గోడలు, మరో ఒడ్డున పీట్ కొట్టం స్తంభాలు, నడుమ వాగు. పైకి పోయే పొగకాలవను ఓల్డ్ గ్యాంగ్‌లో చూసినదాన్నిబట్టి మీరే గుర్తుపడతారు. వాగు దాటడానికి వేసిన రాతి పలక మీదుగా నీళ్ళు పోతుంటే దాటకండి. ఈ లోయల వాగులు గంటలో ఉబ్బుతాయి: 2019 జులై 30న కుండపోతకు ఈ ప్రాంతంలో వంతెనలే కొట్టుకుపోయాయి. గాలి తగలని గోడ చాటున భోంచేయండి, గోడెక్కి మాత్రం కూర్చోకండి, సున్నం ఎప్పుడో కరిగిపోయింది. తిరిగి ఎక్కడానికి ముందు టైము చూసుకోండి: ఇక్కణ్ణుంచి బండి దగ్గరికి రెండున్నర గంటలు.

ఎప్పుడు వెళ్ళాలి

హెదర్ ఊదారంగు పూత ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా. అప్పుడే గ్రౌస్ పక్షుల వేట కూడా, ఆగస్టు 12 నుంచి డిసెంబరు 10 వరకు. ఆదివారాల్లో సాధారణంగా వేట ఉండదు. తుపాకులు వినిపిస్తే బాట వదలకుండా, కనిపించేలా నిలబడి, వాళ్ళు చెయ్యి ఊపాక కదలండి. మార్చి 1 నుంచి జులై 31 వరకు నేల మీద గూళ్ళు కట్టే కర్ల్యూలు, లాప్‌వింగ్‌లు ఉంటాయి కాబట్టి కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతో పట్టుకోవాలి. మాకైతే మే నెల చివర నచ్చుతుంది: పొద్దు పొడుగు, శాండ్‌వర్ట్ పూతకొచ్చి ఉంటుంది, పిడుదులు మాత్రం అప్పుడే ఎక్కువ.

దెబ్బ తగిలితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసును, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. మాట పోకపోయినా సందేశం పోవచ్చు, కానీ ఆ సౌకర్యానికి ముందే నమోదు కావాలి. ఇంట్లోనే ఉండి 999కి 'రిజిస్టర్' అన్న ఇంగ్లీషు మాట పంపి, వచ్చిన సూచనలు పాటించండి. ఈల అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు.

బండి దగ్గరికొచ్చాక బూట్ల బురద అక్కడే దులిపి, బూట్లను ప్లాస్టిక్ సంచిలో కట్టి డిక్కీలో పెట్టండి. ఆ బురదలో సీసం ఉంది, అది ఇంటి తివాచీ మీదికి రాకూడదు. ఇంటికెళ్ళగానే మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనక, జుట్టు మొదట్లో పిడుదుల కోసం వెతకండి. కరుచుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి తలను పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి. తర్వాత మూడు నెలల్లోపు, ఎక్కువగా మొదటి నాలుగు వారాల్లో, ఆ చోట ఎర్రటి వలయం విస్తరిస్తూ కనిపిస్తే, దురద లేకపోయినా సరే, పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి అనుమానంతో డాక్టరుకు చూపించి, ఏ తేదీన ఎక్కడ నడిచారో చెప్పండి.